గాల్లో ఉండగా ఎగ్జిట్ బోర్డు ఆరిపోయింది, నేల మీద పట్టీ వెలగలేదు: ఇది లోపమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాత్రిపూట హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎయిర్‌బస్ ఏ320లో వెళ్లారు. టేకాఫ్ ముందు వెలుగుతున్న ఎగ్జిట్ బోర్డులు విమానం లేచిన కాసేపటికే ఆరిపోయాయి. నడవ పొడవునా నేల మీద, చీకట్లో దారి చూపడానికి ఉండే పట్టీ అసలు వెలగనే లేదు, పైగా మీ వరస దగ్గర జానెడు మేర కార్పెట్ కిందికి పోయి ఉంది. ఇదంతా భద్రతా నిబంధనల ఉల్లంఘన కాదా, దేశంలో విమానయాన భద్రతను చూసే డీజీసీఏకి ఫిర్యాదు చేయాలా అని ఒక ప్రశ్న. తిరుగు ప్రయాణంలో ఎక్కిన విమానంలో ఎర్ర అక్షరాల బదులు ఆకుపచ్చ బొమ్మ ఎందుకుంది అని ఇంకొకటి.

సూటిగా చెప్తాను. బోర్డు ఆరిపోవడం లోపం కాదు. పట్టీ వెలిగినట్టు కనిపించకపోవడం కూడా లోపం కాదు. పట్టీ కార్పెట్ కిందికి పోవడం మాత్రం ముమ్మాటికీ లోపమే, దాన్ని చెప్పి తీరాలి. చాలామంది పైన బోర్డు చూసి కంగారు పడతారు, కింద పట్టీని పట్టించుకోరు. నా లెక్కలో ఇది తిరగబడాలి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను. నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని, లైసెన్సు ఏవియానిక్స్ వైపు, అంటే ఈ ఎమర్జెన్సీ లైట్లు, వాటి బ్యాటరీలు, ఈ పట్టీలు అన్నీ మా చేతుల మీదుగానే పోతాయి.

ముందు బోర్డు సంగతి. ఏ320లో పైలట్ల తల మీద ఉండే ప్యానెల్‌లో నో స్మోకింగ్ స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆటోలో ఉంటే, చక్రాలు బయట ఉన్నంతసేపు నో స్మోకింగ్ గుర్తులతో పాటు ఎగ్జిట్ బోర్డులూ వెలుగుతాయి. టేకాఫ్ అయ్యి చక్రాలు లోపలికి వెళ్లగానే రెండూ ఆరిపోతాయి, దిగే ముందు చక్రాలు దించగానే మళ్లీ వస్తాయి. మీరు చూసింది సరిగ్గా ఇదే. కొన్ని ఎయిర్‌లైన్స్ ప్రయాణమంతా వెలిగేలా పెట్టించుకుంటాయి, అందుకే ఒక విమానంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా కనిపిస్తుంది. కేబిన్‌లో గాలి ఒత్తిడి బాగా పడిపోతే స్విచ్ ఎక్కడున్నా సరే ఆ బోర్డులు వాటంతటవే వెలుగుతాయి. బోయింగ్ 737లో అయితే మామూలు ప్రయాణంలో ఈ బోర్డులు వెలగనే వెలగవు, ఎమర్జెన్సీ లైట్లు ఆన్ అయినప్పుడే వస్తాయి.

అసలు ఎమర్జెన్సీ లైటింగ్‌కు కాక్‌పిట్‌లో వేరే స్విచ్ ఉంటుంది. విమానం బయల్దేరే ముందు దాన్ని 'ఆర్మ్' స్థానంలో పెట్టడం పైలట్ల చెక్‌లిస్టులో ఉంటుంది. అలా పెట్టి ఉంచితే, మామూలు కరెంటు పోయిన క్షణంలో ఎవరూ ఏమీ నొక్కకుండానే ఎగ్జిట్ బోర్డులు, నడవ లైట్లు, బయట స్లైడ్ (తలుపు నుంచి నేలకు జారి దిగే జారుడుబల్ల) దగ్గర లైట్లు వస్తాయి. పైలట్లు స్పృహలో లేకపోయినా కేబిన్ సిబ్బంది తమ ప్యానెల్ మీద బటన్ నొక్కి ఆన్ చేయొచ్చు. దీనికి విడిగా బ్యాటరీలు ఉంటాయి, అవి కనీసం 10 నిమిషాలు ఆ వెలుగు ఇవ్వాలని నిబంధన. పది నిమిషాలేనా అని మా కుర్రాళ్లు కూడా మొదట్లో అడుగుతారు. 44 కన్నా ఎక్కువ సీట్లున్న విమానమైతే, సగం తలుపులు పనిచేయనప్పుడు కూడా చీకట్లో 90 సెకన్లలో అందరూ దిగిపోగలరని తయారీదారు నిరూపించాలి. ఏ380కి 2006లో హాంబర్గ్‌లో ఈ పరీక్ష పెట్టినప్పుడు 16 తలుపుల్లో 8 మాత్రమే తెరిచి, 873 మందిని 78 సెకన్లలో దించారు. ఆ లెక్కన పది నిమిషాలు చాలా ఎక్కువే.

ఆ బ్యాటరీలన్నీ ఒకేచోట ఉండవు, కేబిన్ పొడవునా అక్కడక్కడా పెడతారు. విమానం నడుముకి ఒకచోట విరిగినా మొత్తం ఎమర్జెన్సీ లైట్లలో 25 శాతానికి మించి ఆరిపోకూడదు, నేరుగా దెబ్బతిన్నవి తప్ప మిగతా ఎగ్జిట్ బోర్డులన్నీ వెలుగుతూనే ఉండాలి అని రాసి ఉంది. విరగడమేంటి అనిపిస్తుందేమో. 2010 మే 22న మంగళూరులో, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో రన్‌వే దాటి పడిపోయిన విమానాలు రెండూ విరిగిపోయాయి. మంగళూరులో 166 మందిలో 8 మందే బతికారు, వాళ్లలో ఎక్కువమంది ఆ విరిగిన సందులోంచే బయటపడ్డారు. కోళికోడ్‌లో 190 మందిలో 21 మంది చనిపోయారు. కాబట్టి ఈ వాక్యం ఎవరో టేబుల్ దగ్గర కూర్చుని ఊహించి రాసింది కాదు.

ఈ నిబంధనలు ఎక్కడివి అంటారా? పెద్ద ప్రయాణికుల విమానాలకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ రాసిన పార్ట్ 25లో 811, 812 అనే సెక్షన్లున్నాయి. యూరప్‌లో అలాంటి సంస్థే అయిన ఈఏఎస్‌ఏ వాళ్ల సీఎస్-25లో కూడా దాదాపు ఇవే నంబర్లతో ఉంటాయి. మన దగ్గర ఎగిరే ఎయిర్‌బస్, బోయింగ్, చిన్న ప్రొపెల్లర్ విమానాలైన ఏటీఆర్‌లు ఆ ప్రమాణాలతో తయారైనవే, వాటి టైప్ సర్టిఫికేట్‌ని, అంటే ఆ మోడల్ డిజైన్‌కి ఇచ్చిన ఆమోదాన్ని, మన డీజీసీఏ అంగీకరిస్తుంది, ఆ తర్వాత ఆ స్థాయిలో నిలబెట్టే బాధ్యత ఎయిర్‌లైన్‌ది, మాది.

బోర్డుకు కొలతలున్నాయి. నడవలో నడుస్తుంటే కనిపించేలా ఎగ్జిట్ దగ్గర పైన ఒకటి, తలుపు పక్కనే ఒకటి ఉండాలి, ముందుకీ వెనక్కీ చూపు ఆనకుండా అడ్డుగోడ ఉంటే దాని మీద ఇంకొకటి ఉండాలి. అక్షరాలు కనీసం ఒకటిన్నర అంగుళాల ఎత్తు, తెల్లగా వెలిగే నేపథ్యం మీద ఎర్రగా, అక్షరాలు పోను తెలుపు కనీసం 21 చదరపు అంగుళాలు, అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం పదింతలు. తలుపు హ్యాండిల్ దగ్గర తెరిచే పద్ధతి 30 అంగుళాల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. తిప్పే హ్యాండిల్ అయితే ఎర్ర బాణం కనీసం 70 డిగ్రీల మేర వంపు తిరిగి ఉండాలి, దాని కొస దగ్గర 'ఓపెన్' అని అంగుళం ఎత్తు ఎర్ర అక్షరాలు ఉండాలి.

ఇంత చేసినా ఇదంతా కనిపించినప్పుడే పనికొస్తుంది. పొగ పైకి పోతుంది. కేబిన్‌లో పైనుంచి నిండుకుంటూ వస్తుంది, అంటే ముందుగా మింగేది ఆ బోర్డులనే.

1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797 ఫ్లైట్, డీసీ-9 విమానం, వెనక టాయిలెట్ వైపు మంటతో, కేబిన్ నిండా పొగతో సిన్సినాటిలో అత్యవసరంగా దిగింది. విమానం క్షేమంగానే ఆగింది. లోపల 46 మంది. తలుపులు తెరిచాక నిమిషం, నిమిషంన్నరలోపే కేబిన్ మొత్తం ఒక్కసారిగా అంటుకుంది. అప్పటికి దిగలేకపోయిన 23 మంది చనిపోయారు. నేలకు దిగాక, తలుపులు తెరిచాక చనిపోయారు వాళ్లు. ఆ తర్వాతే 1984లో ఎఫ్‌ఏఏ నేలకు దగ్గరగా దారి చూపే గుర్తులు తప్పనిసరి చేసింది, 1986 నవంబరు కల్లా అమర్చాలని గడువు పెట్టింది. మీరు చూసిన పట్టీ ఆ 23 మంది తర్వాత వచ్చింది.

ఆ నిబంధన సారం ఇది: నడవ నేల నుంచి 4 అడుగుల పైన ఉన్న వెలుగంతా పొగలో పూర్తిగా మాయమైందనుకోండి, అయినా సరే ప్రయాణికుడు సీటు నుంచి లేచి, ముందువైపు మొదటి ఎగ్జిట్‌కీ వెనకవైపు మొదటి ఎగ్జిట్‌కీ దారి కనిపెట్టగలగాలి, అక్కడికి చేరాక 4 అడుగుల లోపున్న గుర్తులతోనే ఇది ఎగ్జిట్ అని తెలుసుకోగలగాలి. తలుపు పక్కన మోకాలి ఎత్తులో చిన్న ఎగ్జిట్ గుర్తు ఇంకొకటి ఉంటుంది, గమనించారో లేదో, అది ఇందుకే.

ఇక ఆ పట్టీ ఎందుకు వెలగలేదన్నది. పాత విమానాల్లో అక్కడ చిన్న చిన్న బల్బులు ఉండేవి. ఇప్పుడు చాలావాటిలో ఉన్నది కరెంటు లేని పట్టీ, కేబిన్ లైట్ల వెలుగును తనలో దాచుకుని చీకట్లో పచ్చగా వదులుతుంది. మనం బండి నంబర్ ప్లేటు మీద అతికించే రేడియం స్టిక్కర్ లాంటిది కాదు ఇది. ఆ స్టిక్కర్ ఎదుటి హెడ్‌లైట్ పడితేనే మెరుస్తుంది, ఈ పట్టీకి ఎదురుగా ఏ వెలుగూ అక్కర్లేదు. వైరు లేదు, బ్యాటరీ లేదు, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. రీడింగ్ లైటు కాస్త వెలిగినా మీకు అది లేత పసుపు ప్లాస్టిక్ ముక్కలాగే కనిపిస్తుంది. పూర్తి చీకట్లో, కళ్లు కాస్త అలవాటు పడ్డాక అప్పుడు తెలుస్తుంది దాని వెలుగు. రాత్రి టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ కేబిన్ లైట్లు తగ్గించేది కూడా మీ కళ్లు ముందే చీకటికి సిద్ధంగా ఉండాలనే.

దీనికి ఒక షరతు ఉంది. ఛార్జ్ కావాలి. రాత్రంతా చీకట్లో నిలిచిన విమానంలో పొద్దున్నే మొదటి ఫ్లైట్‌కి ముందు కేబిన్ లైట్లు నిర్ణీత సమయం వెలిగించి ఉంచాలి, ఎంతసేపన్నది ఆ పట్టీ రకాన్ని బట్టి మాన్యువల్‌లో ఉంటుంది. తొందరలో ఉన్న తెల్లవారుజాము ఫ్లైట్‌కి ఇది ఎవరూ ఎగ్గొట్టకూడని పని, నేనైతే దీని మీద కఠినంగానే ఉంటాను.

మేము దీన్ని ఎలా చూస్తామో చెప్తాను, అప్పుడు మీ కార్పెట్ సంగతి అర్థమవుతుంది. రాత్రిపూట కిటికీ తెరలన్నీ దించి, తలుపులు మూసి, లైట్లు కావలసినంతసేపు వెలిగించి ఒక్కసారిగా ఆర్పేస్తాం. కాసేపు ఊరికే నిలబడతాం. తర్వాత నడవలో దాదాపు బోర్లా పడుకుని, బుగ్గ నేలకు ఆనేంత కిందకి వంగి, ముందు నుంచి వెనకదాకా ఆ గీతను చూస్తాం. నిలబడి చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. కింద నుంచి చూస్తేనే తెగిన చోట్లు బయటపడతాయి. ఒకసారి బయటి కాంట్రాక్టరు మనుషులు కార్పెట్ మార్చి వెళ్లిన కేబిన్ చూశాను. వెలుగులో చూస్తే ఎంతో నీట్‌గా ఉంది, ఒక్క ముడత లేదు. లైట్లు ఆర్పాక గీత రెక్క మీది ఎగ్జిట్‌కు సరిగ్గా రెండు వరసల ముందు మాయమై, మళ్లీ ఎగ్జిట్ దాటాక మొదలైంది. కార్పెట్ అంచు వేలెడు వెడల్పున పట్టీ మీదికి వచ్చింది, అంతే. పొగలో పాకుతూ వచ్చే మనిషికి దారి తప్పేది అక్కడే. కార్పెట్ అంచు కోయించి, మళ్లీ చీకటి చేసి చూసి, అప్పుడు సంతకం పెట్టాం.

గ్యాలీ (విమానంలో వంటగది లాంటి చోటు) దగ్గర భోజనం ట్రాలీ చక్రాలు రోజూ తిరిగే చోట పట్టీ మీది పారదర్శకపు కవరు పగులుతుంది. అందులోకి కాఫీ, శుభ్రం చేసే ద్రావణం దిగి, పట్టీ మసకబారుతుంది. ఎంత పొడవు మసకబారితే, ఎంత మేర లేకపోతే మార్చాలన్న హద్దు ఆ పట్టీ తయారీదారు కాగితాల్లో ఉంటుంది, కాబట్టి జానెడు మేర కనిపించకపోతే విమానం ఆపేయాలా అని అడిగితే ఆ కాగితం చూడకుండా నేను ఔననలేను, కాదనలేను. కానీ దాన్ని లాగ్‌బుక్‌లో రాయాలి, ఇంజినీరు చూడాలి, ఇందులో అనుమానం లేదు.

లోపం ఉన్నా విమానం ఎగరొచ్చా అనే దానికి ఎంఈఎల్ అని ఒక పుస్తకం ఉంటుంది, ప్రతి ఎయిర్‌లైన్‌కీ వేరుగా, డీజీసీఏ ఆమోదంతో. ఏది ఎన్ని రోజుల్లో బాగుచేయాలో అందులో కేటగిరీలుంటాయి: బీ అంటే 3 రోజులు, సీ అంటే 10, డీ అంటే 120. తలుపు లేదా స్లైడే పనిచేయని సందర్భం కూడా ఇందులో వస్తుంది. అప్పుడు ఆ ఎగ్జిట్‌కు అడ్డంగా బెల్టు లాంటిది కట్టి, పనిచేయదని కాగితం అతికించి, దాని ఎగ్జిట్ బోర్డునూ లైటునూ కప్పేస్తారు, దాని చుట్టుపక్కల సీట్లు ఖాళీగా వదులుతారు. కప్పేసిన బోర్డు చూస్తే ఏదో దాస్తున్నారనుకోకండి, తెరుచుకోని తలుపు వైపు జనం పరిగెత్తకూడదని చేసిన పని అది.

రంగు విషయం. ఎర్ర అక్షరాలు మొదటి నుంచీ ఉన్న అమెరికా పద్ధతి. పరిగెడుతున్న మనిషి ఆకుపచ్చ బొమ్మ జపాన్‌లో పుట్టి, 1985లో ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణంలోకి వెళ్లింది, తర్వాత విమానాల్లోకి కూడా అనుమతించారు, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త వాటిలో ఇదే చూస్తారు. రెండూ నిబంధనల ప్రకారమే. నా ఇష్టం అడిగితే బొమ్మే మేలు. శంషాబాద్‌లో దుబాయ్, మస్కట్ ఫ్లైట్ల దగ్గర నిలబడి చూడండి, మొదటిసారి విమానం ఎక్కే నిజామాబాద్, కరీంనగర్ కుర్రాళ్లుంటారు, అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మలుంటారు. ఇంగ్లీషు అక్షరాలు చదవలేని మనిషికి కూడా ఆ బొమ్మ అర్థమవుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు వెళ్తుంటే ఈ రెండు గుర్తులూ ఫోన్‌లో చూపించి పంపండి, ప్లీజ్.

బయటి గుర్తులు కూడా ఉంటాయి, ప్రయాణికులకు తెలియని సంగతి. బయటి నుంచి తెరవగలిగే ప్రతి ఎగ్జిట్ చుట్టూ విమానం ఒంటి మీద 2 అంగుళాల వెడల్పు రంగు గీత ఉండాలి, చుట్టూ ఉన్న పెయింట్‌కు దానికి తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి, దానికి కూడా వెలుగు ప్రతిఫలించే శాతాల్లో లెక్కలున్నాయి. అగ్నిమాపక సిబ్బంది కోసం అది.

మీరు అడగకపోయినా రెండు హెచ్చరికలు. వెలుగుతున్న ఎగ్జిట్ బోర్డు తలుపు ఎక్కడుందో చెప్తుంది, ఆ తలుపు బయట మంట ఉందో లేదో చెప్పదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో ఢీకొని కాలిపోయిన ఏ350లో 379 మంది ఉన్నారు, అందరూ బయటపడ్డారు. 8 ఎగ్జిట్లలో వాడగలిగినవి 3 మాత్రమే. అనౌన్స్‌మెంట్ సిస్టమ్ పనిచేయలేదు, సిబ్బంది మెగాఫోన్‌తో, గొంతు చించుకుని చెప్పారు. ఏ తలుపు వాడాలో వాళ్లు బయటికి చూసి నిర్ణయించారు. కాబట్టి బోర్డు కనిపించినా సిబ్బంది మాటే వినాలి, ఎగ్జిట్ వరసలో మీరే ఉంటే తెరిచే ముందు కిటికీలోంచి చూడాలి.

రెండోది, దగ్గరి ఎగ్జిట్ మీరు ఎక్కిన తలుపే అనుకోవద్దు. తిరుపతి, కడప వైపు తిరిగే ఏటీఆర్‌లో ఎక్కేది వెనక నుంచి, రెక్క పైన ఉంటుంది కనుక రెక్క మీది ఎగ్జిట్ అసలు ఉండదు, ముందు వరస దగ్గర చిన్న ఎమర్జెన్సీ ఎగ్జిట్లు ఉంటాయి. కూర్చోగానే ముందుకీ వెనక్కీ ఎన్ని సీట్ల వరసలున్నాయో లెక్కపెట్టుకోండి, పట్టీ కూడా కనిపించని పొగలో సీట్లు తడుముతూ పోవడానికి ఆ లెక్క ఒక్కటే మిగులుతుంది.

ఇక ఫిర్యాదు. ఇలాంటిది మళ్లీ కనిపిస్తే తలుపులు మూయకముందే సిబ్బందికి చెప్పండి, "14వ వరస దగ్గర నేల మీద పట్టీ కార్పెట్ కిందికి పోయింది" అని వరస నంబరుతో చెప్తే వాళ్లు కేబిన్ లాగ్‌బుక్‌లో రాస్తారు, రాసిందానికి ఇంజినీరు జవాబు చెప్పక తప్పదు. అయిపోయిన ప్రయాణానికి ఫ్లైట్ నంబరు, తేదీ, సీటు నంబరు, మీ దగ్గరున్న ఫొటో పెట్టి ముందు ఎయిర్‌లైన్‌కి పంపండి, స్పందన రాకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో పెట్టండి. అందులో ఆరిపోయిన బోర్డు గురించి రాయకండి. రాస్తే "అది మామూలే" అని దానికి జవాబిచ్చి ఫిర్యాదు మూసేస్తారు, కార్పెట్ కింది పట్టీ అలాగే ఉండిపోతుంది.